తాతగారి వాల్వు యాంప్లిఫయర్‌కి మల్లార్డ్‌లే వేయాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తాతగారి స్టీరియో యాంప్లిఫయర్, అందులో గాజు బల్బుల్లాంటి వాల్వులు: స్పీకర్లను నడిపే నాలుగు ఈఎల్84లు, చిన్న సిగ్నల్‌ని పెంచే రెండు ఈసీసీ83లు, ఏసీని డీసీగా మార్చే ఒక ఈజెడ్81. కుడి స్పీకర్లో పాట లేనప్పుడు కూడా బుస్సుమంటోంది. "అన్నీ పీకేసి పాత మల్లార్డ్‌లు వేసెయ్" అన్నారు మీ స్నేహితుడు (మల్లార్డ్ అంటే ఇంగ్లండ్‌లో పేరున్న పాత వాల్వు కంపెనీ). ఆయన చెప్పిన ధర విని మీకు టెన్షన్ పట్టుకుంది. మారతహళ్లిలో ఉంటున్నారు కాబట్టి బెంగళూరులో ఏం కొనాలో, ఎలా చూసి కొనాలో చెప్పమన్నారు.

ఇప్పుడే ఏమీ కొనకండి. ఎందుకో చెప్పాలంటే నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట నా యాంప్లిఫయర్ సౌండ్ పెంచితే బొంగురుపోయేది. వాల్వులు ముసలివైపోయాయని నేనే తీర్మానించేసుకున్నాను. చిక్‌పేట వైపు ఆదివారం బజారులో ఒకతను గుడ్డలో చుట్టి దాచిన రెండు ఈసీసీ83లు తీశాడు. గాజు మీద టెలిఫుంకెన్ అని ముచ్చటగా రాసుంది. అప్పటి నా ఇంటి అద్దెలో సగం పోసి తెచ్చుకున్నాను. వేశాక బొంగురు అలాగే ఉంది, పైగా కొత్తగా ఒక గణగణ వచ్చి చేరింది.

అవి పట్టుకుని ఒక పాత రేడియో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. మదనపల్లె వైపు ఆయన, వాల్వు రేడియోల కాలం నుంచి ఇక్కడే ఉన్నారు. వాల్వును తలకిందులు చేసి చూసి, "ఏం నాయనా, గాజు మీద పేరు సదివి కొంటివా?" అన్నారు. జర్మనీలో తయారైన టెలిఫుంకెన్ ఈసీసీ83కి అడుగున, పిన్నుల మధ్య గాజులోనే అచ్చుపోసిన వజ్రం గుర్తు ఉంటుంది. నా వాటికి లేదు. పైన అక్షరాలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు, గాజులో పోసిన గుర్తు అలా రాదు. టెలిఫుంకెన్ వాళ్లు బయట చేయించి తమ పేరు వేసి అమ్మినవీ ఉన్నాయి, వాటికి ఆ వజ్రం ఉండదు. కానీ ఆ ధర పెట్టేది వజ్రం ఉన్న వాటికే. ఇంకోమాట, బొటనవేలితో రుద్దితే అక్షరాలు చెరిగిపోతే నకిలీ అని కొందరు చెబుతారు. అది నమ్మకండి. అసలువాటి రంగు కూడా అలాగే చెరిగిపోతుంది.

ఆ తర్వాత ఆయన మల్టీమీటర్ తీసి ఈఎల్84 సాకెట్లో రెండో పిన్ను దగ్గర వోల్టేజీ చూశారు. మామూలుగా అక్కడ దాదాపు సున్నా ఉండాలి. నాకు ఎనిమిది వోల్టులు చూపించింది. ముందు దశ నుంచి పాట సిగ్నల్‌ని పంపి డీసీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ లీకై, వాల్వు గ్రిడ్ (సిగ్నల్ అందుకునే భాగం, రెండో పిన్ను దానిదే) మీదికి డీసీ వచ్చేస్తోంది. దాంతో ఈఎల్84 తాహతుకు మించిన కరెంటు లాగుతోంది, లైటార్పి చూస్తే లోపలి ప్లేటు ఎర్రగా కనిపిస్తోంది. కెపాసిటర్ మార్చారు, బొంగురు పోయింది. నేను వాల్వులకు పెట్టిన డబ్బుతో అలాంటి కెపాసిటర్లు సంచీడు వచ్చేవి.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది చూడండి. కుడి, ఎడమ ఈసీసీ83లు రెండూ తీసి అటుదిటు మార్చండి. బుస్సు ఎడమకు వెళ్తే తప్పు ఆ ఈసీసీ83ది. కుడివైపే ఉండిపోతే ఈసీసీ83ది కాదు, చాలాసార్లు వాల్వు ప్లేటుకు కరెంటు ఇచ్చే పాత కార్బన్ రెసిస్టర్ అయి ఉంటుంది. మార్చే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, గాజు చల్లారేదాకా ఆగండి. అడుగు మూత మాత్రం అనుభవం లేకుండా తెరవకండి. లోపల 300 వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచే ఉంటాయి. రెండో పిన్ను కొలత తెలిసినవాళ్లతోనే చేయించండి. అక్కడ వోల్టేజీ కనిపిస్తే, ఆపేసి ఆ వాల్వు తీసి మళ్లీ కొలవమనండి. వాల్వు లేకపోయినా వోల్టేజీ ఉంటే కెపాసిటర్ పోయినట్టు, లేకుండా పోతే వాల్వే చెడినట్టు.

కరెంటు సంగతి కూడా ఉంది. అప్పటి ట్రాన్స్‌ఫార్మర్లకు వెనక 220, 240 అని మార్చుకునే ఏర్పాటు తరచూ ఉండేది. అది 220 మీద ఉండి, మీ ఇంటికి 240 వస్తుంటే 6.3 వోల్టులు అందాల్సిన ఫిలమెంట్‌కి (వాల్వును లోపల వేడిచేసే తీగ) దాదాపు 6.9 అందుతుంది. అలా వేడెక్కితే ఎంత గొప్ప పేరున్న వాల్వైనా తొందరగా అయిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా కొనాల్సి వస్తే, నా ఓటు బీఈఎల్ ఈసీసీ83కి. మనం రోజూ బస్సులో వినే బీఈఎల్ సర్కిల్ పేరు ఆ కంపెనీదే. 1954లో పెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు చేసింది. వాడకుండా మిగిలిపోయినవి ఇప్పటికీ పాత మెకానిక్‌ల అట్టపెట్టెల్లో దొరుకుతాయి, పేరున్న యూరప్ సరుకు కంటే చాలా చవక. అన్నీ ఒకేలా ఉంటాయని మాత్రం అనను. నేను కొన్న ఏడింటిలో రెండు గణగణలాడాయి. వేసి, సౌండ్ కొంచెం పెట్టి, పెన్సిల్ వెనకవైపుతో గాజు మీద మెల్లగా తట్టండి. స్పీకర్లో గంట కొట్టినట్టు మోగితే ఆ వాల్వు మొదటి దశకి పనికిరాదు.

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్‌లో వాల్వు అని అడిగితే నీళ్ల పైపు దుకాణానికి దారి చూపిస్తారు, "రేడియో వాల్వు" అని అడగండి. చేతికిచ్చినప్పుడు పైన లోపలి వెండి పూత చూడండి. అది పాలలా తెల్లబడితే గాలి చొరబడినట్టు, చచ్చిపోయింది. పూత మెరుస్తోందని వాల్వు కొత్తదని మాత్రం అనుకోవద్దు. పిన్నులు వంకర లేకుండా ఉండాలి. "టెస్ట్ చేశాం, బాగుంది" అంటే సరిపోదు, అంకె అడగండి. ఈసీసీ83లో ఒకే గాజులో రెండు ట్రయోడ్‌లు (సిగ్నల్‌ని పెంచే భాగాలు) ఉంటాయి. 250 వోల్టుల దగ్గర, గ్రిడ్‌కి మైనస్ రెండు ఇస్తే ఒక్కొక్కటి 1.2 మిల్లీయాంప్‌ల దరిదాపుల్లో ఉండాలి. రెండు అంకెలూ చెప్పలేని వాడికి "ఎన్నడూ వాడని పాత సరుకు" ధర ఇవ్వకండి.

మల్లార్డే కావాలని మనసు పీకుతుంటే, గాజు అడుగు అంచున సన్నగా రెండు వరుసల కోడ్ ఉంటుంది. కింది వరుస 'బి'తో మొదలైతే ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీది. మల్లార్డ్ కంపెనీ ఫిలిప్స్ వాళ్లదే, కాబట్టి అదే ఫ్యాక్టరీ సరుకు వేరే పేర్లతోనూ దొరుకుతుంది, తక్కువ ధరకి. తేడా ఎంతంటారా? మా ఆవిడ నాకు కనపడకుండా మల్లార్డ్, బీఈఎల్ మార్చి మార్చి వినిపిస్తే ఆరింటిలో మూడు సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసు వేసినా అన్నే వచ్చేవి.

ఈఎల్84లకి పాతవాటి జోలికి వెళ్లకండి. అవి గట్టిగా పనిచేసి అరిగిపోయే రకం. స్లొవేకియా జేజే లాంటి కొత్తవి, కరెంటు సరిపోలిన నాలుగు కలిపి తీసుకోండి. జతలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ లాగితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి బేస్ పాడవుతుంది. ఈజెడ్81 పనిచేస్తుంటే అలాగే ఉంచండి. దాని తర్వాతి కెపాసిటర్ మారిస్తే మాత్రం 50 మైక్రోఫారడ్‌లు దాటించవద్దు.

ఇంకో రెండు మోసపోయే చోట్లు. పీఎల్84ని "అదీ ఇదీ ఒకటే" అని అంటగడతారు. దాని ఫిలమెంట్‌కి 15 వోల్టులు కావాలి, మీ దాంట్లో వెలగదు. రష్యా 6ఎన్2పి కూడా ఈసీసీ83 లాంటిదే, కానీ ఫిలమెంట్ పిన్నుల అమరిక వేరు, సాకెట్ వైరింగ్ మార్చకుండా పనిచేయదు.

ముందు ఆ రెండు ఈసీసీ83లు అటుదిటు మార్చి, బుస్సు ఎటు వెళ్లిందో ఇక్కడే రాయండి. కుడివైపే ఉండిపోతే యాంప్లిఫయర్ లోపలి ఫొటో కూడా పెట్టండి, ఏ రెసిస్టర్‌ని అనుమానించాలో చూసి చెబుతాను.