మానేసిన ఉద్యోగిని కంపెనీ పేజీకి అడ్మిన్‌గా అలాగే ఉంచేస్తే ఇబ్బందా?

"మా పాత ఉద్యోగి చాలా నమ్మకస్తుడు. మానేసి ఏడాది కావస్తున్నా కంపెనీ ఫేస్‌బుక్ పేజీకి ఇంకా ఆయనే అడ్మిన్. తీసేస్తే బాధపడతారేమో, అలాగే ఉంచేస్తే నష్టమేమైనా ఉందా?" అని అడిగారు. ఉందండీ. మీకెంత నష్టమో ఆయనకీ అంతే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంకో కంపెనీలో అలాంటి పాత ఉద్యోగిగా ఎనిమిది నెలలు నలిగినవాణ్ణి నేను.

ఇంట్లో వాడే మిషన్లు రిపేరు చేసే ఒక సర్వీసు కంపెనీలో ఆరేళ్లు పనిచేశాను. అక్కడ పేజీ మొదలుపెట్టింది నేనే. మానేసే రోజు లాప్‌టాప్, ఐడీ కార్డు, కంపెనీ సిమ్ అన్నీ తీసుకుని సంతకాలు పెట్టించుకున్నారు. పేజీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నేనే మా సార్ దగ్గరికి వెళ్లి అడిగితే, "నువ్వేమైనా పరాయివాడివా, ఉండనీవయ్యా" అన్నారు. ఆ మాటకి అప్పుడు నిజంగా సంతోషమేసింది.

ఆ తర్వాత కస్టమర్ల మెసేజ్‌లన్నీ నా ఫోన్‌కి రావడం మొదలైంది. కొత్త ఉద్యోగంలో మీటింగ్‌లో ఉంటే ఒకటి, రాత్రి పడుకోబోతుంటే ఒకటి. నోటిఫికేషన్లు ఆపేయవచ్చు కదా అంటారు. అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరని తెలిశాక ఆపేయడానికి మనసొప్పలేదు. ఒక పెద్దావిడ వాషింగ్ మెషిన్ ఆగిపోయి వారం అయిందని రాస్తే చూడనట్టు ఎలా ఉంటాం? "ఆఫీసుకి చెబుతానమ్మా" అని జవాబిచ్చి, పాత సహోద్యోగికి ఫోన్ చేసేవాణ్ణి.

ఒక రాత్రి అలాగే ఎవరికో జవాబివ్వడానికి పేజీలోకి స్విచ్ అయ్యాను. తిరిగి నా ప్రొఫైల్‌కి మారడం మర్చిపోయాను. తెల్లవారుజామున ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, అమ్మమ్మ పోయింది. బయల్దేరే హడావుడిలో, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, అమ్మమ్మ పాత ఫోటో ఒకటి పెట్టి నాలుగు లైన్లు రాశాను. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాను. కార్యక్రమం అంతా అయ్యేదాకా మళ్లీ దాన్ని తియ్యలేదు.

మధ్యాహ్నం తీసి చూస్తే మా సార్ నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. నా పోస్టు నా పేరు మీద లేదు. కంపెనీ లోగో పక్కన, కంపెనీ పేరు కింద మా అమ్మమ్మ నవ్వుతూ కూర్చుని ఉంది. కింద కామెంట్లు. ముక్కూమొహం తెలియని వాళ్లు కొందరు ఓం శాంతి అని పెట్టారు. ఒకాయన "మెకానిక్‌ని పంపిస్తామని మూడు రోజులైంది, ఇదా మీ జవాబు" అని రాశారు. ఇంకొకరు నవ్వే బొమ్మ పెట్టారు. ఆ నవ్వే బొమ్మ ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. వాళ్ల తప్పేం లేదు, అది కంపెనీ పేజీ, వాళ్లకి ఎలా తెలుస్తుంది? శ్మశానం బయట నిలబడి, తడి బట్టలతోనే పోస్టు డిలీట్ చేశాను. సార్‌కి ఫోన్ చేస్తే ఆయన మొదట అన్న మాట: "కావాలని చేశావా?"

ఆరేళ్ల నమ్మకం ఒక్క మాటతో పోయింది. విషయం తెలిశాక ఆయన బాధపడ్డారు, అది వేరే సంగతి. కానీ మనిషి మంచివాడా కాదా అన్నదానికీ అడ్మిన్ హక్కులకీ సంబంధం లేదని నాకు ఆ రోజే తెలిసింది.

వెంటనే తప్పుకుందామంటే కుదరలేదు. ఫుల్ కంట్రోల్, అంటే పేజీ మీద పూర్తి హక్కులు ఉన్నది నాకొక్కడికే. ఇంకొకరిని చేర్చకుండా నేను బయటికి రావడానికి లేదు. రెండో అడ్మిన్‌గా ఒకప్పుడు ఆఫీసులో ఎవరో కంపెనీ పేరుతో ఒక ఉత్తుత్తి ప్రొఫైల్ తయారుచేసి పెట్టారు. ఫేస్‌బుక్ దాన్ని ఎప్పుడో మూసేసింది. ఈ ఉత్తుత్తి ప్రొఫైళ్ల పిచ్చి ఎప్పుడు వదులుతుందో తెలియదు. ఒక మనిషికి ఒకటే అకౌంటు, అదీ అసలు పేరుతో అని వాళ్ల నిబంధన ఉంది. దొంగ ప్రొఫైల్ చేతికి పేజీ తాళాలు ఇస్తే, అది మూతపడ్డ రోజున మీరు బయట నిలబడతారు. మా సార్‌కేమో ఫేస్‌బుక్ అకౌంటే లేదు. "నాకెందుకయ్యా అవన్నీ" అంటారు. ఆయన చేత అకౌంటు తెరిపించి, ఇన్విటేషన్ పంపి, దాన్ని ఆయన ఒప్పుకునేసరికి మూడు వారాలు పట్టింది.

నాకు అసలు కోపం ఇక్కడే. బ్యాంకు చెక్‌బుక్ ఎవరి దగ్గరుందో ప్రతి యజమానికీ తెలుసు. పేజీ ఎవరి చేతిలో ఉందో మాత్రం తెలియదు. 2013 జనవరిలో బ్రిటన్‌లో హెచ్‌ఎంవీ అనే మ్యూజిక్ షాపుల కంపెనీ ఉద్యోగులను తీసేస్తుంటే, ఆ సంగతంతా కంపెనీ ట్విట్టర్ అకౌంటు నుంచే లైవ్‌గా బయటికొచ్చింది. ట్విట్టర్‌ని ఎలా మూసెయ్యాలి అని మార్కెటింగ్ డైరెక్టర్ అడుగుతున్నారని కూడా అందులోనే రాశారు. అంత పెద్ద కంపెనీలోనే తాళం ఎక్కడుందో పైవాళ్లకి తెలియలేదంటే, మన చిన్న ఆఫీసుల సంగతి చెప్పాలా?

ఇంకో బాధ, అందరికీ ఫుల్ కంట్రోలే కావాలి. అదేదో హోదా అన్నట్టు అడుగుతారు. పూర్వం పేజీల్లో అడ్మిన్, ఎడిటర్, మోడరేటర్, అడ్వర్టైజర్, ఎనలిస్టు అని విడివిడిగా ఉండేవి. ఇప్పుడు ఫుల్ కంట్రోల్ ఇస్తారా, పార్షియల్ యాక్సెస్ (కొన్ని పనులకే హక్కు) ఇస్తారా అన్నదే ముందు తేల్చుకోవాలి. పోస్టులు పెట్టేవాళ్లకీ, మెసేజ్‌లకి జవాబిచ్చేవాళ్లకీ, యాడ్స్ చూసేవాళ్లకీ పార్షియల్ చాలు. ఫుల్ కంట్రోల్ ఉన్న మనిషి పేజీనే డిలీట్ చేయగలడు, మిమ్మల్ని కూడా తీసేయగలడు. ఆయన చేయకపోవచ్చు, ఆయన అకౌంటుని కొట్టేసినవాడు చేస్తాడు. "మీ పేజీ రేపు డిలీట్ అవుతుంది, ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజ్‌లు చూసే ఉంటారు. పాత ఉద్యోగి ఎక్కడో కూర్చుని ఆ లింకు నొక్కితే పోయేది మీ పేజీ. లాగిన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ ఫ్యాక్టర్ ఆయన పెట్టుకున్నారో లేదో ఇప్పుడు మీరెలా అడుగుతారు?

పేజీ నడిపే పని బయటి ఏజెన్సీకి అప్పగించినా ఇంతే జాగ్రత్త కావాలి. కంపెనీ పేజీలు, అకౌంట్లు అన్నీ ఒకేచోట ఉంచుకోవడానికి ఫేస్‌బుక్ వాళ్లు ఇచ్చే ఖాతా పేరు బిజినెస్ పోర్ట్‌ఫోలియో. పేజీని వాళ్ల పోర్ట్‌ఫోలియోలో పెట్టించుకోకండి. మీ పోర్ట్‌ఫోలియో మీరు తెరిచి, పేజీ అందులో ఉంచి, ఏజెన్సీని పార్ట్‌నర్‌గా చేర్చండి. పని అయిపోయాక తీసేస్తే సరిపోతుంది, పేజీ మీదే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌ పాస్‌వర్డ్‌ని వాట్సాప్ గ్రూపులో పెట్టి పదిమందీ వాడుకునే పద్ధతి కూడా మానేయండి. దాన్నీ పేజీతో కలిపి అదే పోర్ట్‌ఫోలియోలో పెడితే, ఎవరి అకౌంటుతో వాళ్లు లాగిన్ అయి పని చేసుకోవచ్చు.

ఇక మీ పాత ఉద్యోగి విషయం. బాధపడతారని ఆగకండి. ఫోన్ చేసి, "ఇన్నాళ్లూ మీ మీదే వదిలేశాం, ఇక మేం చూసుకుంటాం" అనండి. ఆయన ఊపిరి పీల్చుకుంటారు, నేను పీల్చుకున్నాను. ఆయన లైన్లో ఉండగానే మీకూ, ఆఫీసులో మీరు నమ్మే ఇంకొకరికీ ఫుల్ కంట్రోల్ ఇవ్వమనండి. ఇద్దరూ ఇన్విటేషన్ ఒప్పుకుని, మీ ఫోన్లో పేజీ సెట్టింగ్స్‌లోని పేజీ యాక్సెస్ తెరిచి, మీ పేర్ల కింద ఫుల్ కంట్రోల్ అని కనబడిందని కళ్లతో చూశాకే ఆయన పేరు తీయండి. ఆ వరుస మాత్రం తప్పవద్దు.