డాక్టర్‌ను కథలోంచి తీసెయ్

హనుమకొండ

బిడ్డా,

నీ కథ బాగుంది. కానీ చివరి రెండు పేజీలు చదివాక కోపమొచ్చింది, అందుకే వెంటనే రాస్తున్నాను.

పండుగ ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది. మనం పూలు పేర్చం, నైవేద్యం పెట్టం. నీ కథలో ఓ ఏడు ఆ రోజు నాయనమ్మ కూడా అలిగి వంట మానేసింది. మరుసటి ఏడు ఇల్లంతా మాట మానేసింది. తర్వాత పాలాయనతో కూడా సైగలే. చివరికి డాలస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ చేసి, నోరు మెదపకుండా అరగంట కూర్చున్నాడు. అక్కడ నాకు ఏడుపొచ్చింది. అది దాటాక మౌనం ఒంటికి ఎంత మంచిదో డాక్టర్‌తో ఎందుకు చెప్పించావు?

పండుగ మీద ఏం రాసినా ఇప్పుడిదే వరస. తంగేడు మందట, గునుగు చెరువు నీళ్లను శుభ్రం చేస్తుందట. పద్మాక్షి గుట్ట దగ్గరికి ఆడవాళ్లు బతుకమ్మ ఆడడానికి వచ్చేది అందుకోసమా?

దసరా నాడు మేం పాలపిట్టను చూడాలి. ఊరి బయట పొలాలు ప్లాట్లయ్యాక ఓ ఏడు పిట్ట కనబడలేదు. మా కాక క్యాలెండర్ బొమ్మ కత్తిరించి జమ్మిచెట్టుకు కట్టాడు. తర్వాతి ఏడు దాన్ని దాచి పిల్లలతో వెతికించాడు. ఆ పైన, ముందు చూసినవాళ్లకే మొదటి జమ్మి ఆకు. కాక పోయాడు, బొమ్మలో నీలం వెలిసిపోయింది. ఇప్పటికీ దానికి దండం పెట్టాకే అలయ్ బలయ్. దీన్ని కథ రాసి పంపితే, ఒక వారపత్రిక సంపాదకుడు 'ఆచారం వెనక కారణం చేర్చండి' అని తిప్పి పంపాడు. చేర్చలేదు. అది ఏళ్లకేళ్లు ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు.

ఇంట్లో పుట్టిన ఆచారానికి కారణం మొదటి ఏడే ఉంటుంది. రెండో ఏటి నుంచి దాన్ని నడిపేది మనుషులు. ఒకరు ప్రేమతో చేస్తారు, ఒకరు పెద్దామెకు భయపడి చేస్తారు. కథ దొరికేది అక్కడే.

కలం పేరు, పోటీల సంగతి తర్వాత చూద్దాం.

కొత్త కోడలిని మొదటి బతుకమ్మకు పుట్టింటికి పంపలేదని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఈ మౌనం గురించి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. పొద్దున లేచేసరికి ఎవరూ పలకరించకపోతే, తన మీదే అలిగారనుకుని ఆమె ఆ రోజంతా ఎట్లా గడిపిందో రాయి. సద్దుల బతుకమ్మ లోపు పంపు.