ఫోన్ ఎత్తింది ఎవరు?

ప్రశ్న: పాల్ ఆస్టర్ నవల ‘సిటీ ఆఫ్ గ్లాస్’ సగం చదివి పక్కన పెట్టేశాను. ఎవరు ఎవరో అంతు చిక్కడం లేదు. రచయిత పేరే ఒక పాత్రకూ ఉంది. దీన్ని ఎలా చదవాలి?

జవాబు: కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. డేనియల్ క్విన్ భార్యా కొడుకూ చనిపోయారు. అతను విలియం విల్సన్ అనే మారుపేరుతో అపరాధ పరిశోధక నవలలు రాస్తుంటాడు. వాటిలో డిటెక్టివ్ పేరు మాక్స్ వర్క్. ఓ రాత్రి రాంగ్ నంబర్ వస్తుంది. అవతలివాళ్లకు కావలసింది పాల్ ఆస్టర్ అనే డిటెక్టివ్. మొదట కాదని పెట్టేసిన క్విన్, తర్వాత మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు ఆ ఆస్టర్‌ని నేనేనంటాడు. కథ ఇంకా గడప దాటకముందే ఒక్క మనిషి మీద నాలుగు పేర్లు పడ్డాయి.

ప్రతి సంభాషణ దగ్గరా కాగితం మీద రెండు గడుల్లో రెండు విషయాలు రాసుకోండి: క్విన్ ఏ పేరు చెప్పాడు, ఎదుటివాడు అతన్ని ఎవరనుకున్నాడు. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు, నవల గుట్టంతా అందులోనే ఉంది. కొడుకు పీటర్‌కు హాని చేస్తాడన్న భయంతో క్విన్‌ను కనిపెట్టి ఉండమన్నది ముసలి స్టిల్‌మన్‌ని. ఆయనతో క్విన్ మూడుసార్లు మాట్లాడతాడు. మొదటిసారి సొంత పేరు చెబుతాడు. రెండోసారి హెన్రీ డార్క్ అంటాడు, అది స్టిల్‌మన్ తన పుస్తకం కోసం కల్పించుకున్న మనిషి పేరు. మూడోసారి ఏకంగా ఆయన కొడుకు పీటర్‌నని చెప్పుకుంటాడు. మూడుసార్లూ ముసలాయన అతన్ని గుర్తుపట్టడు, కొత్త మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. మాటలు మర్యాదగా, తెలివిగా సాగుతాయి. ఒకరి సంగతి మాత్రం ఇంకొకరికి చేరదు. ఈ మూడు సన్నివేశాలనూ ఒకే రోజు వరసగా చదివి చూడండి.

గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ ఘట్టం ఉన్న పేజీకి గుర్తు పెట్టుకోండి. రైలు దిగినవాళ్లలో స్టిల్‌మన్ ముఖమే ఉన్నవాళ్లు ఇద్దరు కనిపిస్తారు. ఒకాయన మాసిన బట్టల్లో, ఇంకొకాయన దర్జాగా ఉంటాడు. ఆధారమేమీ లేకుండానే క్విన్ మొదటాయన వెంట పడతాడు. ఆ తర్వాతి కథంతా ఆ ఊహ మీదే నిలబడి ఉంది. నేరం ఎవరిదో చివర్లో తేలుతుందని ఎదురుచూస్తూ చదివేవాళ్లకు ఇక్కడి నుంచే విసుగు మొదలవుతుంది, ఎందుకంటే ఆ ప్రశ్నకు ఈ నవల జవాబివ్వదు.

ప్రశ్న: స్టిల్‌మన్ నడిచిన దారులు అక్షరాలుగా మారడం నిజమా, క్విన్ భ్రమా?

జవాబు: తేల్చకుండా వదిలేయడమే ఆస్టర్ పనితనం. లెక్క మాత్రం చూడండి. మొదటి నాలుగు రోజుల దారులను క్విన్ రాసుకోలేదు. తర్వాతి రోజులవి ఎర్ర నోటుపుస్తకంలో గీసి చూస్తే రోజుకో ఇంగ్లిష్ అక్షరం చొప్పున తొమ్మిది వచ్చాయి: ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, ఓ, ఎఫ్, బి, ఏ, బి. ముందూ వెనకా లేని అక్షరాలను తనే పూరించుకుని ‘ద టవర్ ఆఫ్ బేబెల్’ అని చదివాడు. బైబిల్ కథలో భాషలు తారుమారైన ఆ బాబెలు గోపురమే. వీధుల్లో ఏ గీతా మిగలదు, ఆ అక్షరాలు ఉన్నది నోటుపుస్తకంలోనే. ముసలాయన తనకు కబురు పంపుతున్నాడని క్విన్ నమ్మినా, అలా పంపినట్టు రుజువు ఎక్కడా లేదు.

ప్రశ్న: ఇదంతా 1985 నాటి నవల. చేతిలో ఫోన్, వంద గ్రూపులు ఉన్న మనకు దీనితో ఏం పని?

జవాబు: చాలా ఉంది. చివరి భాగంలో క్విన్ తనకు పని అప్పగించిన పీటర్ భార్య వర్జీనియాకు ఫోన్ చేస్తూనే ఉంటాడు. ఎప్పుడూ ఎంగేజ్ టోనే. దాన్ని కూడా ఒక సమాధానంగా తీసుకుని ఆమె ఇంటి ఎదుటి సందులో కాపలా కూర్చుంటాడు. ఆ ఎంగేజ్ టోన్ స్థానంలోకి ఇప్పుడు నీలం టిక్కులు వచ్చాయి. వాట్సాప్‌లో నీలం టిక్కు పడితే సందేశం తెరమీద తెరుచుకుందని అర్థం, అంతే. చదివినవాళ్లకు ఏం అర్థమైందో అది చెప్పదు. గ్రూపులోనైతే అందరూ చూసేదాకా నీలం పడదు. ఒక్కరు చూడకపోయినా బూడిద రంగే ఉంటుంది. అది చూసి ‘నన్నెవరూ పట్టించుకోవడం లేదు’ అనుకోవడం, క్విన్ అక్షరాలు పూరించుకున్న పద్ధతే.

మాట చేరిందని తెలియాలంటే విన్నవాడి అర్థం తిరిగి చెప్పినవాడి దగ్గరకు రావాలి. విమానయానంలో దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు: రన్‌వే నంబరు, ఎత్తు లాంటి ఆదేశాలను పైలట్ తిరిగి పలకాలి, అందులో తప్పుంటే కంట్రోలర్ దిద్దాలి. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫేలో రెండు జంబో జెట్‌లు ఢీకొని 583 మంది చనిపోయారు. కేఎల్‌ఎం విమానం నుంచి ‘టేకాఫ్ దగ్గర ఉన్నాం’ అన్నట్టు ఒక మాట వచ్చింది. అప్పటికే అది పరుగు మొదలుపెట్టింది. ఇంకా ఆగే ఉందనుకుని టవర్ ‘ఓకే’ అంది, ఆగమని కూడా చెప్పింది. సరిగ్గా అప్పుడే రెండో విమానం, పాన్ ఆమ్ పైలట్లు మాట్లాడటంతో రేడియోలో రెండు ప్రసారాలు కలిసి కీచుమన్నాయి, ఆగమన్న మాట వినపడలేదు. ఆ తర్వాత టేకాఫ్ అనే మాటను నిజంగా ఎగరడానికి అనుమతిచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్నారు. మిగతా చోట్ల డిపార్చర్ అంటారు.

ఇంట్లోనూ ఆఫీసులోనూ అదే చేయొచ్చు. ఒక సందేశంలో ఒకే ప్రశ్న పెట్టండి. ఎప్పటికల్లా జవాబు కావాలో అందులోనే రాయండి. ‘సరే’ అని వస్తే సరిపెట్టుకోకండి, ఏం చేయబోతున్నారో వాళ్ల మాటల్లో అడగండి. మనసు నొచ్చుకున్న విషయమైతే టైపు చేయకుండా ఫోన్ చేయడం మేలు. రాసేవాడికి తన గొంతు తన చెవిలో వినిపిస్తూనే ఉంటుంది, చదివేవాడికి అక్షరాలే మిగులుతాయి.

ప్రశ్న: చివర్లో క్విన్ ఏమయ్యాడు?

జవాబు: నవల చెప్పదు. ఎర్ర నోటుపుస్తకం దొరుకుతుంది, మనిషి దొరకడు. ఇంతసేపూ కథ చెప్పినది పేరులేని మరో వ్యక్తి అని అక్కడ స్పష్టమవుతుంది. తర్వాత ‘న్యూయార్క్ ట్రిలజీ’ అనే ఇదే త్రయంలోని ‘ఘోస్ట్స్’, ‘ద లాక్డ్ రూమ్’ చదవండి, రెండూ 1986లో వచ్చాయి. ‘ఘోస్ట్స్’ చిన్నది. బ్లాక్ అనే మనిషి మీద నిఘా పెట్టమని వైట్ అనే అతను బ్లూ అనే డిటెక్టివ్‌ను నియమిస్తాడు. మీ రెండు గడుల కాగితం అక్కడా పనికొస్తుంది.