దుబాయ్ నుంచి పెళ్లి బంగారం: సుంకం లేకుండా ఎంత తేవచ్చు?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మా ఆయన రెండేళ్లుగా దుబాయ్‌లో పని చేస్తున్నారు, మధ్యలో ఇంటికి రాలేదు. అమ్మాయి పెళ్లికి వచ్చే నెల శంషాబాద్‌లో దిగుతారు. 30 గ్రాముల రాళ్ల నెక్లెస్, 10 గ్రాముల బిస్కెట్లు రెండు, ఒక పెద్ద టీవీ తెస్తానంటున్నారు. ఆడవాళ్లకు 40 గ్రాములు ఫ్రీ అట కదా, నా వాటా కూడా ఆయనకు కలుస్తుందా?

జవాబు: కలవదమ్మా. ఆ 40 గ్రాములు ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చే మహిళ తన సామానులో తెచ్చుకునే నగలకు. మగవాళ్లకైతే 20 గ్రాములు. కుటుంబమంతా ఒకే విమానంలో దిగినా ఒకరి మినహాయింపు ఇంకొకరికి కలపరు. ఒక ఊరట ఉంది. 2016 నాటి నిబంధనల్లో మగవాళ్లకు 20 గ్రాములతో పాటు 50 వేల రూపాయల విలువ దాటకూడదని కూడా ఉండేది. ఇప్పటి బంగారం ధరకు అది ఏ మూలకూ రాదు. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనల్లో విలువ హద్దు తీసేశారు, బరువు ఒక్కటే లెక్క.

ఈ మినహాయింపు నగలకే. బిస్కెట్లకు మొదటి గ్రాము నుంచీ సుంకం కట్టాల్సిందే. ఆరు నెలలకు పైగా బయట ఉన్నవాళ్లు కిలో దాకా బంగారాన్ని తక్కువ సుంకంతో తెచ్చుకోవచ్చు, మీ ఆయనకు ఆ అర్హత ఉంది. కానీ ఆ సుంకాన్ని విదేశీ కరెన్సీలో కట్టాలి, కాబట్టి చేతిలో కొన్ని దిర్హామ్‌లు ఉంచుకోమనండి. రాళ్లు, ముత్యాలు పొదిగిన నగలకు ఈ తక్కువ రేటు వర్తించదు. అందుకే మీ జాబితాలో నాకు అసలు నచ్చనిది ఆ నెక్లెస్. 20 గ్రాములకు మించిన భాగానికి ఎక్కువ సుంకం పడుతుంది.

నా మాట వింటే, 20 గ్రాముల లోపు సాదా గొలుసు ఒక్కటి తెమ్మనండి, బిల్లుతో సహా. రాళ్ల నెక్లెస్ నిజామాబాద్‌లో మీరే చూసి, అమ్మాయికి పెట్టి చూసి కొనండి. రేపు మార్చాలన్నా ఆ షాపుకే వెళ్లొచ్చు. బిస్కెట్లు మానేయమనండి. 2024 జూలైలో బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించాక అక్కడికీ ఇక్కడికీ ధరలో తేడా బాగా తగ్గింది. సుంకం, రూపాయి మారకం లెక్క వేసుకుంటే 20 గ్రాముల మీద మిగిలేది ఇంత టెన్షన్ పడేంత ఉండదు. ఆ డబ్బు ఆయన ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (విదేశాల్లో ఉండేవాళ్లు మన బ్యాంకుల్లో తెరిచే ఖాతా) పంపితే పెళ్లి మండపానికి, భోజనాలకు అక్కరకొస్తుంది. పెళ్లి ముందు నెలలో ఇంట్లో కావాల్సింది నగదు.

టీవీ వద్దు. బట్టలు, సెంట్లు, మిక్సీ లాంటివి 75 వేల రూపాయల దాకా సుంకం లేకుండా వస్తాయి గానీ, ఫ్లాట్ టీవీ ఆ లెక్కలోకి రాదు, మొత్తం విలువ మీద కట్టాలి.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సిన మాట. బయలుదేరే ముందు రూమ్‌మేట్లో తెలిసినవాళ్లో "ఈ చిన్న ప్యాకెట్ మా ఇంట్లో ఇవ్వు అన్నా" అని ఇస్తుంటారు. లోపలేముందో తెలియని ప్యాకెట్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. కస్టమ్స్ వాళ్లకు దొరికితే అది ఇచ్చినవాడు రాడు, తెచ్చినవాడే జవాబు చెప్పాలి. సరుకు జప్తు, జరిమానా, ఒక్కోసారి అరెస్టు కూడా. పరిమితి దాటినది ఏదైనా ఉంటే గ్రీన్ ఛానల్ (సుంకం కట్టాల్సింది ఏమీ లేనివాళ్ల దారి) వైపు వెళ్లకుండా రెడ్ ఛానల్‌కు (కట్టాల్సింది ఉన్నవాళ్ల దారి) వెళ్లి బిల్లులు చూపించి, కట్టి, రసీదు తీసుకోమనండి. ఆ రసీదునూ గొలుసు బిల్లునూ మీ బీరువాలో జాగ్రత్త చేయండి.