చేతి చమురు వదలకుండా అభిమానులంతా కలవాలంటే

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

మీ ఆన్‌లైన్ గ్రూపులోని అభిమానులందరినీ ఒకచోట కలపాలని నువ్వు పంపిన ప్లాన్ మొత్తం చదివాను. హోటల్లో రెండు రోజులు, ముఖ్య అతిథి, స్టేజీ, లైటింగు, టీ షర్టులు. లోగో అయితే మూడు రంగుల్లో గీయించావు కూడా. ఎంతమంది వస్తారన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. నీ ఉత్సాహాన్ని తప్పుపట్టడం లేదమ్మా, అది లేకపోతే ఇలాంటి పని ఎవరూ నెత్తికెత్తుకోరు. ఖర్చు విషయంలో మాత్రం కాస్త కటువుగానే రాస్తాను.

నీ జాబితాలో ఒక్కోదాని దగ్గరా ఆగి, ఇది లేకపోతే జనం రావడం మానేస్తారా అని అడుగు. టీ షర్టు లేదని ఎవరూ మానరు. స్టేజీ లేదని అస్సలు మానరు. ఏళ్ల తరబడి ఆన్‌లైన్‌లో పేరు మాత్రమే చూసిన మనిషిని ఎదురుగా చూడాలని, ఇంట్లోవాళ్ళు విసుక్కునే కబుర్లన్నీ తనలాంటి పిచ్చి ఉన్నవాళ్ళతో తనివితీరా చెప్పుకోవాలని వస్తారు. దానికి కావలసింది కూర్చునే చోటు, తాగే నీళ్ళు, శుభ్రమైన బాత్రూములు, ఎవరూ తరమని నాలుగైదు గంటల సమయం. వీటికి పోగా మిగిలితేనే తక్కినవి.

ఇప్పటి పెద్ద పెద్ద అభిమానుల మేళాల్లో చాలావి ఇలా చిన్నగా మొదలైనవే. 1937 జనవరిలో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఒక హాలు తీసుకుని సమావేశమైతే, వచ్చినవాళ్ళు పాతిక మంది కూడా లేరు. అభిమానులు సొంతంగా వేసుకున్న కామిక్ పుస్తకాలు అమ్ముకునే జపాన్ మేళా కామికెట్ 1975 డిసెంబరులో టోక్యోలో ఒక సమావేశపు గదిలో మొదలైంది. తమ పుస్తకాలు తామే వేసుకుని తెచ్చిన బృందాలు 32, వచ్చినవాళ్ళు సుమారు 700. అమెరికాలో కామిక్స్ అభిమానుల మేళా శాన్ డియేగో కామిక్ కాన్ వాళ్ళు చేసిన పని నీకు మరీ పనికొస్తుంది. 1970 ఆగస్టులో మూడు రోజుల మేళా పెట్టాలనుకుని, దానికి ముందు మార్చిలో ఒక్కరోజు చిన్న సమావేశం పెట్టారు. జనానికి ఎంత ఆసక్తి ఉందో తెలిసింది, పెద్దదానికి కొంత డబ్బూ కూడింది. నువ్వూ ఈ ఏడాదికి ఒక్కపూట పెట్టు. రెండు రోజుల సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

ఇక జనం లెక్క. ఈ పనిలో చేతి చమురు వదిలేది ఎక్కువగా ఇక్కడే. గ్రూపులో “ఎవరెవరు వస్తారు?” అని అడిగితే అందరూ చెయ్యెత్తుతారు. అబద్ధమాడాలని కాదు, ఆ క్షణంలో నిజంగానే రావాలనిపిస్తుంది. తర్వాత సెలవు దొరకదు, టికెట్ ధర చూసి గుండె గుభేలుమంటుంది, తోడొస్తానన్న స్నేహితుడు మానేస్తాడు. అందుకని చేతులు లెక్కపెట్టకు, అడ్వాన్సులు లెక్కపెట్టు. చిన్న మొత్తమే అడుగు, కానీ చివరి తేదీ పెట్టు. ఏ తేదీలోపు మానుకుంటే డబ్బు వెనక్కి ఇస్తావో, ఆ తర్వాత ఎందుకు ఇవ్వలేవో ముందే రాసి అందరికీ పంపు. అప్పుడు మొహమాటపడాల్సిన పని ఉండదు.

లెక్క ఎటువైపు తప్పినా ఇబ్బందే. 1972 జనవరిలో న్యూయార్క్‌లో స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ అభిమానుల సమావేశానికి ఏవో కొన్ని వందలమంది వస్తారనుకుంటే, మూడువేలు దాటారు. 2014 జూలైలో అమెరికాలో టంబ్లర్ అనే సోషల్ మీడియా సైటు వాడేవాళ్ళ కోసం డాష్‌కాన్ అని ఒక మేళా పెట్టారు. వేలల్లో వస్తారని అంచనా వేసుకున్నారు, అనుకున్నంతమంది రాలేదు. మొదటిరోజు సాయంత్రమే, హోటల్ వాళ్ళు ఇప్పటికిప్పుడు 17,000 డాలర్లు కట్టమంటున్నారని చెప్పి వచ్చినవాళ్ళ దగ్గరే చందాలు వసూలు చేశారు. పిలిచిన కళాకారులు కొందరు తమకు ఇవ్వాల్సింది ఇవ్వలేదని ప్రదర్శన ఇవ్వకుండానే వెళ్ళిపోయారు. ఆ పేరు ఇప్పటికీ నవ్వులపాలవుతూనే ఉంది.

బడ్జెట్ రాసేటప్పుడు ఖర్చుల్ని రెండు వరసలుగా రాసుకో. ఎంతమంది వచ్చినా మారనివి ఒక వరస: హాలు అద్దె, మైకు, శుభ్రం చేసినందుకు ఇచ్చేది, కొన్నిచోట్ల హాలువాళ్ళు అడిగే ఇన్సూరెన్స్. మనిషికింత అని పెరిగేవి రెండో వరస: తిండి, బ్యాడ్జీ. రెండో వరస పెద్దగా భయపెట్టదు, మనిషి రాకపోతే ఆ ఖర్చూ ఉండదు. ముంచేది మొదటిదే. హాలుకు 6,000 అనుకో, ఏ దేశపు డబ్బయినా సరే. 60 మంది వస్తారని తలా 100 వసూలు చేస్తే, 40 మందే వచ్చినప్పుడు 2,000 నీ జేబులోంచి పోతాయి. అదే 40 మందే అనుకుని తలా 150 పెట్టావంటే, ఆ 60 మందీ వచ్చినప్పుడు 3,000 మిగులుతాయి. వాటిని తిండిలో కలుపు, లేదా తలా 50 వెనక్కి ఇచ్చెయ్. డబ్బు వెనక్కి ఇచ్చిన నిర్వాహకుల మీద జనానికి కలిగే నమ్మకం అంతా ఇంతా కాదు. మొత్తం మీద పదో వంతు, చెప్పకుండా వచ్చిపడే ఖర్చుల కోసం పక్కన పెట్టు. ఏదో ఒకటి వస్తుంది.

చోటు విషయంలో నా మాట విను, హోటల్ మానెయ్. లైబ్రరీల్లో మీటింగు గదులు, కాలనీ హాళ్ళు, సెలవుల్లో ఖాళీగా ఉండే కాలేజీ తరగతులు, వాతావరణం మీద నమ్మకం ఉంటే పార్కు, ఇవన్నీ ఉన్నాయి. హోటళ్ళ ఒప్పందాల్లో రెండు షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. మావాళ్ళు ఇన్ని గదులు తీసుకుంటారని నువ్వు మాటిస్తే, నిండని గదులకు నువ్వే కట్టుకోవాల్సి రావచ్చు. హాలు ఉచితమే అంటారు, కానీ భోజనాల బిల్లు కనీసం ఇంత కావాలని మెలిక పెడతారు. రాత్రి ఉండిపోవాలనుకునేవాళ్ళు తమ గదులు తామే బుక్ చేసుకుంటారు, దగ్గర్లో చవకగా ఉన్నవి నాలుగు చూసి పేర్లు చెప్పు చాలు.

ఏ హాలైనా డబ్బు కట్టేముందు స్వయంగా వెళ్ళి చూడు. మీరు పెట్టుకునే వేళకే వెళ్ళు. పొద్దున ప్రశాంతంగా ఉన్న గదికి మధ్యాహ్నం పక్కగదిలో డాన్సు క్లాసు ఉండొచ్చు. కుర్చీలు లెక్కపెట్టు. కరెంటు పోతే ఏమిటి, బయటి తిండి తేనిస్తారా, మెట్లెక్కలేనివాళ్ళకు దారుందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నింటికల్లా ఖాళీ చెయ్యాలి అని అడుగు. ఖాళీ చెయ్యాల్సిన టైము అంటే కుర్చీలు సర్ది, చెత్త తీసి, తాళం చేతికిచ్చే టైము. మీ కబుర్లు దానికి అరగంట ముందే ముగియాలి.

ఇంకో సంగతి, చాలామందికి తట్టదు. వచ్చేవాళ్ళకు నీ ప్రవేశ రుసుము కన్నా ప్రయాణమే ఎక్కువ ఖర్చు. నీ ఊళ్ళో హాలు చవకగా దొరికిందని అక్కడ పెడితే, అందరూ కలిసి టికెట్లకు అంతకు పదిరెట్లు పోస్తారేమో. అడ్వాన్సు కట్టినవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో చూసి, ఎక్కువమందికి అందుబాటులో ఉండే చోటు ఎంచుకో. రైలో బస్సో దిగి నడిచి రాగలిగితే మరీ మంచిది. పదకొండింటికి మొదలుపెట్టి ఐదింటికి ముగిస్తే, దూరం నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ రాత్రి గది ఖర్చు తప్పుతుంది. తేదీ కనీసం మూడు నెలల ముందే చెప్పు, ముందుగా కొనుక్కుంటే కొన్ని టికెట్లు చవకగా దొరకొచ్చు. పరీక్షల రోజులు మాత్రం పెట్టకు.

ముఖ్య అతిథి మాటకొస్తే, పేరున్నవాళ్ళను పిలిస్తే రానూపోనూ ఖర్చు, బస, భోజనం, వెంట వచ్చేవాళ్ళు, పైగా పారితోషికం. ఆయన రాలేకపోతే నీ మీద పడే తిట్లు వేరే. ఈసారికి వద్దు. మీలోనే ఒకరికి ఏ భాగంలో ఏముందో కంఠతా వచ్చి ఉంటుంది, ఒకరు బొమ్మలు వేస్తారు, ఒకరు పాత పోస్టర్లు దాచుకుని ఉంటారు. వాళ్ళకు తలా పావుగంట ఇవ్వు. కామికెట్‌లో ఒక మంచి మాట ఉంది: అక్కడ కస్టమర్లంటూ ఎవరూ లేరు, అందరూ పాల్గొనేవాళ్ళేనని. అది మీకూ పనికొస్తుంది. అడ్వాన్సు కట్టేటప్పుడే, కుర్చీలు వెయ్యడమో, గుమ్మం దగ్గర పేర్లు చూడడమో, చివర్లో ఊడ్చడమో, ఏదో ఒక పని ఎంచుకోమని అడుగు. ఖర్చు తగ్గడం ఒక లాభం. చేతిలో పనుంటే బిడియస్తులకు మాట కలపడం తేలికవుతుంది, నాకు అదే ఎక్కువ ముఖ్యం.

“అందరం కూర్చుని పెద్ద తెర మీద చూద్దాం” అని రాశావు. ఇంట్లో చూసుకోవడానికి కట్టిన స్ట్రీమింగ్ చందా హాల్లో పదిమందికి వేసి చూపించడానికి పనికిరాదు. టికెట్ పెట్టకపోయినా చాలా దేశాల్లో హక్కుదారుల అనుమతి కావాలి. క్విజ్ పెట్టు, పాత వస్తువులు ఇచ్చిపుచ్చుకునే బల్ల పెట్టు. అధికారిక లోగో వేసి సరుకు అమ్మడం కూడా ఇలాంటి చిక్కే, జోలికి పోకు. కార్యక్రమాలు మరీ కిక్కిరిసేలా పెట్టొద్దు. సగం సమయం ఖాళీగా వదిలెయ్, దాన్ని వాళ్ళే నింపుకుంటారు.

బ్యాడ్జీల గురించి మాత్రం కాస్త పట్టించుకో. మీకు ఒకరికొకరు తెలిసింది ఆన్‌లైన్ పేరుతో, మొహాలు తెలియవు. అందుకని ఆ పేరు పెద్ద అక్షరాల్లో, నాలుగడుగుల దూరం నుంచి కళ్ళు చిట్లించకుండా చదవగలిగేలా రాయి. పిలుపు పేరు కింద చిన్నగా ఉండొచ్చు, ఇష్టం లేకపోతే అదీ అక్కర్లేదు. మెడలో తాడుతో వేలాడదీసే బ్యాడ్జీ ఐదు నిమిషాల్లో తిరగబడుతుంది, ఇక తెల్ల కాగితమే కనిపిస్తుంది. రెండువైపులా రాయించు. తాడు పొడవు తగ్గించి ఛాతీ దగ్గర ఉండేలా చూడు, పొట్ట మీదకు జారితే చదవడానికి అందరికీ ఇబ్బందే. తాళ్ళు రెండు రంగుల్లో కొను. ఫోటోలు తీయొద్దనుకునేవాళ్ళకు ఎర్రది. ఫోటో పెట్టేముందు ఆ రంగు చూసుకొమ్మని పొద్దున్నే అందరికీ చెప్పు.

ముక్కూమొహం తెలియనివాళ్ళు మొదటిసారి కలుస్తున్నారు కాబట్టి, ఎవరి ఇంట్లోనూ వద్దు, నలుగురూ తిరిగే చోటే పెట్టు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు పెద్దవాళ్ళతోనే రావాలి. ఎవరైనా ఇబ్బంది పెడితే చెప్పుకోవడానికి ఇద్దరి పేర్లు గోడ మీద అంటించు. ఇద్దరు ఎందుకంటే, ఫిర్యాదు ఆ ఇద్దరిలో ఒకరి మీదే కావచ్చు. అవసరమైతే పాత స్నేహితుణ్ణయినా బయటికి పంపగలిగే మనిషికే ఆ పని ఇవ్వు. నువ్వు మెత్తని మనిషివి, నువ్వు తీసుకోకు.

డబ్బు కట్టలేనివాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళు నోరు తెరిచి అడగరు, “పని పడింది” అని మానేస్తారు. ఉన్నవాళ్ళు ఇంకొకరి రుసుము కూడా కట్టే వీలు పెట్టు. కావలసినవాళ్ళు నీకొక్కదానికే మెసేజ్ పెట్టాలి, కారణం అడగొద్దు. బ్యాడ్జీలో తేడా ఉండకూడదు.

వసూలైన డబ్బు నీ సొంత ఖాతాలో కలపకు. విడిగా పెట్టి, నీతోపాటు ఇంకొకరు కూడా చూడగలిగేలా ఉంచు. అయిపోయిన వారంలోగా, వచ్చిందెంత, పోయిందెంత, మిగిలిందెంత అని రసీదులతో సహా అందరికీ పంపు. ఎవరూ అడగరులే అనుకోవద్దు, మనసులో అడుగుతారు.

ఇంత పని ఒక్కదానివే మొయ్యలేవు. హాలు చూసేవాళ్ళు ఒకరు, డబ్బు చూసేవాళ్ళు ఒకరు, జనంతో మాట్లాడేవాళ్ళు ఒకరు, ముందు ఆ ముగ్గురూ ఎవరో తేల్చుకుని రాయి. లోగో అప్పటిదాకా ఆగుతుంది. ఆ హోటల్ వాళ్ళు నిన్ను శనివారంలోగా సంతకం పెట్టమన్నారని రాశావు కదా, పెట్టకు. ఆ కాగితాలు అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు, చదివి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి