డెబియన్‌లో వర్డ్‌ప్రెస్: పక్క కంప్యూటర్‌లో ఎందుకు తెరుచుకోదు?

ప్రశ్న: మా కళాశాల గ్రంథాలయంలోని పాత కంప్యూటర్‌లో డెబియన్ (ఒక లినక్స్ వ్యవస్థ) వేసి, దాని ప్యాకేజీలు వేసే సాధనమైన ఏపీటీతో వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు నడిపే ప్రోగ్రాము), మరియాడీబీ (డేటాబేస్) ఇన్‌స్టాల్ చేశాను. అదే కంప్యూటర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే సైటు చక్కగా వస్తోంది. పక్క గదిలోని కంప్యూటర్‌లో దీని ఐపీ చిరునామా 192.168.1.10 అని కొడితే మాత్రం ఏవో రెండు కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్ల పేర్లు చూపించి, అవి కనబడలేదంటోంది. వర్డ్‌ప్రెస్ డ్యాష్‌బోర్డు నుంచి అప్‌డేట్ కూడా కావడం లేదు. ప్యాకేజీ తీసేసి, జిప్ ఫైలుతో మళ్లీ మొదలుపెట్టమంటారా?
— ఒక అధ్యాపకుడు, నల్గొండ

జవాబు: తీసేయకండి, మీరు చేసినదాంట్లో తప్పేమీ లేదు. జిప్ ఫైలుతో వేసుకుంటే ఒక్క సైటుకు ఒక్క కాన్ఫిగ్ ఫైలే ఉంటుంది. డెబియన్ వారు మాత్రం ఒకే ప్యాకేజీతో ఎన్ని సైట్లయినా నడిపేందుకు వీలుగా, బ్రౌజర్‌లో కొట్టిన చిరునామాను బట్టి ఈటీసీ (/etc)లోని వర్డ్‌ప్రెస్ ఫోల్డరులో ఆ పేరున్న ఫైలును వెతికేలా దానిని మార్చారు. మీ దగ్గర లోకల్‌హోస్ట్ పేరుతో ఉన్న ఫైలొక్కటే ఉంది కనుక, ఐపీ చిరునామాతో వచ్చినవారికి ఏమీ దొరకడం లేదు.

ముందుగా ఆ కంప్యూటర్‌కు ఐపీ చిరునామా మారకుండా రౌటర్‌లో స్థిరపరచండి. తర్వాత రూట్‌గా (సర్వాధికారాలున్న ఖాతాతో) ఉండి, ఉన్న కాన్ఫిగ్ ఫైలుకు నకలు తీసి, నకలు పేరులో లోకల్‌హోస్ట్ ఉన్నచోట ఐపీ చిరునామా పెట్టండి. అందులో డేటాబేస్ పాస్‌వర్డు ఉంటుంది కాబట్టి వెబ్ సర్వర్ చదవగలగాలి, ఇతరులు చదవకూడదు. నకలు తీసే సీపీ (cp) కమాండుకు మైనస్ పీ (-p) జోడిస్తే పాత అనుమతులే నకలుకూ వస్తాయి. ఇది మరిచిపోయి నేనొకసారి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. నకలు సిద్ధమయ్యాకే డ్యాష్‌బోర్డు సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ తెరిచి, వర్డ్‌ప్రెస్ చిరునామా, సైటు చిరునామా రెండింటినీ ఐపీకి మార్చండి. లేకుంటే పేజీలోని లింకులు లోకల్‌హోస్ట్‌కే పోతూ ఉంటాయి.

ఇక అప్‌డేట్ విషయం. ప్రోగ్రాము ఫైళ్లు యూఎస్ఆర్ షేర్ (/usr/share)లో రూట్ పేరిట ఉంటాయి, వాటిని మార్చే అధికారం వెబ్ సర్వర్‌కు లేదు. భద్రత దృష్ట్యా ఇదే మంచిదని నా అభిప్రాయం. ఏపీటీ అప్‌డేట్, అప్‌గ్రేడ్ క్రమం తప్పకుండా చేస్తూ ఉండండి. వెర్షన్ సంఖ్య పాతదిగా కనిపించినా డెబియన్ భద్రతా బృందం సవరణలను దానికే చేర్చి ఇస్తుంది. అయితే మీరు విడిగా తెచ్చి పెట్టుకున్న ప్లగిన్లను ఏపీటీ పట్టించుకోదు, వాటిని మీరే చూసుకోవాలి.

బ్యాకప్ తీసేటప్పుడు ఈటీసీలోని వర్డ్‌ప్రెస్ ఫోల్డరు, వార్ లిబ్ (/var/lib) కింద ఉన్న డబ్ల్యూపీ కంటెంట్ (wp-content), డేటాబేస్ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా తీసిన నకలు) మూడూ తీసుకోండి.