బ్రౌజర్ మాయం, మోడెమ్ మౌనం: పాత యంత్రాల జవాబుల పేజీ

ప్రశ్న: మా నాన్నగారు ఇప్పటికీ రోజూ డైరీ రాసుకునే చేతి కంప్యూటర్ ఒకటి ఉంది. మడిచే మూత, బుల్లి కీబోర్డు, చిన్న యంత్రాల కోసం చేసిన విండోస్ సీఈ, 32 మెగాబైట్ల మెమరీ. సరదాకి నెట్‌వర్క్ కార్డు పెట్టి బ్రౌజర్ తెరిచాను. కొన్ని పేజీలు సగం బొమ్మ వచ్చేసరికి చెప్పాపెట్టకుండా మూసుకుపోతున్నాయి. కొన్ని అసలు తెరుచుకోవడమే లేదు. వైరస్ పట్టిందా? అంతా తుడిచేసి మొదటికి తీసుకురమ్మంటారా?

జవాబు: తుడవకండి! జవాబు అచ్చయ్యేలోగా ఆ పని చేసేసి ఉండరని నా ఆశ. మీ యంత్రంలో హార్డ్ డిస్కు లేదు. నాన్నగారి డైరీ ర్యామ్‌లో ఉంది, బ్యాటరీ ఉన్నంతసేపే అది ఉంటుంది. సాఫ్ట్ రీసెట్ చేస్తే యంత్రం మళ్ళీ మొదలవుతుంది, సేవ్ చేసినవి మిగులుతాయి. హార్డ్ రీసెట్ చేస్తే మిగిలేది కొన్ననాటి ఖాళీ పలక. నేనొకసారి శుభ్రం చేద్దామని పెద్ద బ్యాటరీని, నాణెం లాంటి బ్యాకప్ బ్యాటరీని ఒకేసారి ఊడదీసి బల్ల మీద పక్కపక్కనే పెట్టుకున్నాను. ఎనిమిది నెలల రాతలు పోయాయి. అందుకే ముందు డైరీని కాంపాక్ట్ ఫ్లాష్ అనే మెమరీ కార్డులోకి నకలు తీయండి, తర్వాతే మిగతా సంగతి.

ఇక మూసుకుపోవడం. దీనికి వైరస్‌ను అనుమానించనక్కరలేదు, చోటు చాలడం లేదంతే. ఆ 32 మెగాబైట్లను ఫైళ్ళూ, నడిచే ప్రోగ్రాములూ పంచుకుంటాయి. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ తెరిచి మెమరీ అన్న పేజీ చూడండి. పంపకం చూపే జరుపుడు గీత ఒకటి కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి పెరిగిన డైరీ సింహభాగం ఆక్రమించి, బ్రౌజర్‌కు ఓ మూల మిగిల్చి ఉంటుంది. పాత ఫైళ్ళను కార్డులోకి తరలించి, ప్రోగ్రాముల వాటా పెరిగేలా గీతను జరపండి. బ్రౌజర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్ళనూ ఖాళీ చేయండి, అవి తింటున్నదీ ఈ మెమరీనే.

‘చిన్న బొమ్మే కదా, దానికే చచ్చిపోవాలా?’ అని చాలామంది రాస్తారు. తీగ మీద వచ్చేటప్పుడు అది చిన్నదే. తెర మీద పరచాలంటే మాత్రం బ్రౌజర్ దాన్ని పూర్తిగా విప్పాలి. 1600 చుక్కల వెడల్పు, 1200 చుక్కల ఎత్తున్న ఫొటోకు, చుక్కకు రెండు బైట్ల చొప్పున లెక్కేసినా 38 లక్షల 40 వేల బైట్లు అవుతుంది. అలాంటివి నాలుగు ఒకే పేజీలో ఉంటే ఇక చెప్పేదేముంది! ఇంతా చేసి మీ తెర బహుశా 640 చుక్కల వెడల్పు, 240 ఎత్తు ఉంటుంది. బ్రౌజర్ సెట్టింగుల్లో బొమ్మలు ఆపేయండి, స్క్రిప్టులూ (పేజీలోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) ఆపేయండి. ఆ తర్వాత ఉత్త అక్షరాల పేజీ ఒకటి తెరవండి. అదీ కూలితే అప్పుడు సాఫ్ట్ రీసెట్ చేసి, మరే ప్రోగ్రామూ తెరవకుండా బ్రౌజర్‌నొక్కదాన్నే పరీక్షించండి.

తెరుచుకోని పేజీల సంగతి వేరు, దాన్ని దీనితో కలపకండి. భద్రమైన సైట్లు నేడు సమాచారాన్ని గుప్తంగా పంపే టీఎల్ఎస్ అనే భాషలో 1.2 గానీ, అంతకన్నా కొత్తది గానీ మాట్లాడతాయి. 1.2 ప్రమాణం 2008లో వచ్చింది. మీ బ్రౌజర్‌కు తెలిసిన, దానికి ముందు తరం భాష ఎస్ఎస్ఎల్ 3.0ను ఇంటర్నెట్ ప్రమాణాల వారు 2015లో వాడవద్దన్నారు. అంటే ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. మెమరీ గీత ఎంత జరిపినా ఫలితం ఉండదు. ఇంట్లోని పెద్ద కంప్యూటర్ మీద ప్రాక్సీ (మీ తరఫున పేజీలు తెచ్చిపెట్టే ప్రోగ్రాము) నడిపి, అది పేజీని సాదాగా మార్చి ఇచ్చే ఏర్పాటు చేసుకోవచ్చు. అయితే ఆ దారిలో పాస్‌వర్డులు మాత్రం కొట్టకండి, అవి మీ యంత్రం నుంచి ముసుగు లేకుండానే బయలుదేరతాయి.

ప్రశ్న: నా చేతి కంప్యూటర్‌లోని 56కె (సెకనుకు 56 వేల బిట్ల) మోడెమ్‌తో మిత్రుడి ఇంట్లో నడిచే బులెటిన్ బోర్డుకు, అంటే ఫోను లైను మీద కలిసి సందేశాలు పంచుకునే కంప్యూటర్‌కు, డయల్ చేస్తున్నాను. ‘నో డయల్ టోన్’ అంటుంది. అదే తీగకు ఫోను పెడితే నంబరు కొట్టేముందు వచ్చే ఆ టోన్ చక్కగా వినిపిస్తోంది. ఎప్పుడైనా కలిసినా రెండు నిమిషాల్లో తెగిపోతుంది. మోడెమ్ మార్చాలా?

జవాబు: డబ్బు దాచుకోండి. మీ చెవికి వినిపించేదీ, మోడెమ్ ఆశించేదీ ఒకటే కావాలని లేదు. వాయిస్ మెయిల్‌లో సందేశం ఉంటే కొన్ని లైన్లలో టోన్ ముక్కలు ముక్కలుగా వస్తుంది. మనకు అర్థమవుతుంది, మోడెమ్‌కు కాదు. సందేశం విని చెరిపేయండి. లేదంటే కనెక్షన్ సెట్టింగుల్లో అదనపు ఆదేశాల గడిలో ఎక్స్3 (X3) రాయండి. టోన్ కోసం కాచుకోకుండా నంబరు తిప్పేస్తుంది. ఈ ఆదేశాల భాష హేస్ కంపెనీ 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెమ్‌ది. ఇన్నాళ్ళూ చెక్కుచెదరలేదంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

తెగిపోవడానికి నా అనుమానం మీ లైను మీద. ఫోను తీగ ఇంటర్నెట్ పెట్టె వెనక్కి వెళ్తుంటే, మీ మాటలు పొట్లాలుగా ప్రయాణిస్తున్నాయన్నమాట. ఒక పొట్లం పోతే మనిషి ‘ఆఁ?’ అని మళ్ళీ అడుగుతాడు, మోడెమ్ తడబడుతుంది. పెట్టె సెట్టింగుల్లో జీ.711 కోడెక్ (శబ్దాన్ని అంకెలుగా మార్చే పద్ధతి) ఎంచుకోండి, అది శబ్దాన్ని మిగతావాటంతగా కుదించదు. మోడెమ్ వేగాన్ని సెకనుకు 9600 బిట్లకు దించండి. 56కె అన్న అంకె మీద మమకారం వద్దు. అవతల మిత్రుడిదీ మామూలు మోడెమే అయితే మీకు దక్కే గరిష్ఠం 33,600. 56కె కావాలంటే అవతలి కొస నేరుగా డిజిటల్ లైనుకు కలిసి ఉండాలి. కాల్ వెయిటింగ్ ఉంటే ఆపండి, కనెక్షన్ తెగడానికి దాని ఒక్క బీప్ చాలు. ఆఫీసుల్లోని డిజిటల్ ఫోను సాకెట్లలో మాత్రం మోడెమ్‌ను గుచ్చకండి, కాలిపోవచ్చు.

ప్రశ్న: రాత్రి డయల్ చేస్తే మోడెమ్ కూతకు ఇల్లంతా లేస్తోంది. నోరు మూయించవచ్చా?

జవాబు: పైన చెప్పిన ఆదేశాల గడిలో ఎం0 (M0) రాస్తే స్పీకరు ఆగిపోతుంది. లైను గొడవ తేలేవరకు మాత్రం ఆపకండి. బిజీ అయిందో, అవతల మనిషి ఎత్తాడో చెవే చెబుతుంది. అప్పటిదాకా పగలే డయల్ చేయండి.